యోనా గ్రంథంలోని మొక్క: జెరోము–అగస్టీను లేఖల్లో వ్యాఖ్యాతృవినయం

వ్యాససంగ్రహం:

పవిత్రగ్రంథ వ్యాఖ్యానంలో వినయాన్ని సాధారణంగా వ్యాఖ్యాత స్వభావగుణంగా పరిగణిస్తారు. క్రీ.శ. 403–405 మధ్య హిప్పో బిషప్పు అగస్టీనుకూ, బేత్లెహేములో ఉన్న జెరోముకూ నడుమ యోనా గ్రంథంలోని ఒక మొక్క పేరు మీద నడిచిన లేఖాచర్చను ఆధారంగా చేసుకొని, వినయం స్వభావగుణం కంటే ముందు ఒక వ్యాఖ్యానపద్ధతి అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. మూలపదం పట్ల, వినే సమాజం పట్ల, ఆ భాషను కాపాడుకొంటూ వచ్చిన ఇతరుల పట్ల వ్యాఖ్యాతకుండే బాధ్యతలను విడివిడిగా పరిశీలించి, ఇద్దరు వ్యాఖ్యాతల బలాలనూ లోపాలనూ అంచనా వేస్తుంది. తెలుగు బైబిలులో ఆ మొక్కకు వాడిన పేరును కూడా సందర్భానుసారంగా చర్చిస్తుంది.

కీలకపదాలు: జెరోము, అగస్టీను, యోనా, అనువాదం, వ్యాఖ్యానం, వినయం, సొరచెట్టు.

1. ఉపోద్ఘాతం

గ్రంథానికి లోబడటం వేరు, గ్రంథం గురించి తనకున్న అభిప్రాయానికి లోబడటం వేరు. పవిత్రగ్రంథాన్ని వ్యాఖ్యానించేవారికి ఈ రెండూ ఒకటిగా కనిపించే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. తాను చెబుతున్నది దేవుని మాట అన్న నమ్మకం బలపడినకొద్దీ, అందులో తన మాట కూడా కలిసి ఉండవచ్చునన్న స్పృహ సన్నగిల్లుతుంది. అగస్టీను ఈ ప్రమాదాన్ని స్పష్టంగా గుర్తించాడు. ‘కన్ఫెషన్స్’ పన్నెండవ పుస్తకంలో ఆదికాండపు తొలివాక్యానికి పలు అర్థాలు సాధ్యమని చర్చిస్తూ, కొందరు తమ వ్యాఖ్యను మోషే ఉద్దేశంగా ప్రకటించడానికి కారణం అది సత్యమని కాదనీ, అది తమది కావడమేననీ విమర్శించాడు. ఆయన దృష్టిలో సత్యం ఎవరి సొంత ఆస్తీ కాదు, అందరి ఉమ్మడి సొత్తు.

సూత్రంగా చెప్పినప్పుడు దీన్ని ఎవరూ కాదనరు. వివాదం ఎదురైనప్పుడు ఆ సూత్రం ఎంతవరకు నిలిచిందన్నదే విమర్శకు విషయం కావాలి. అగస్టీను విషయంలో అలాంటి పరీక్ష ఒక చిన్న మొక్క పేరు రూపంలో వచ్చింది.

2. మూలకథ, మూలపదం

యోనా గ్రంథం నాలుగు అధ్యాయాల చిన్న రచన. నీనెవెకు వెళ్ళమన్న దైవాజ్ఞను తప్పించుకొని తర్షీషు ఓడ ఎక్కిన ప్రవక్త చివరకు ఆ నగరంలో దేవుని తీర్పును ప్రకటిస్తాడు. నగరవాసులు పశ్చాత్తాపపడతారు, తీర్పు తప్పిపోతుంది. తన ప్రకటన నెరవేరనందుకు యోనాకు కోపం వస్తుంది. అతడు నగరం వెలుపల కూర్చుంటే దేవుడు ఒక మొక్కను మొలిపించి నీడ కల్పిస్తాడు. మర్నాడు పురుగు తొలిచి అది వాడిపోతుంది. మొక్క పోయినందుకు చావు కోరుకొనే ప్రవక్తను, లక్షా ఇరవై వేలకు పైగా మనుషులున్న నగరంపైన తాను జాలిపడకూడదా అని దేవుడు అడుగుతాడు. గ్రంథం ఆ ప్రశ్నతోనే ముగుస్తుంది. యోనా జవాబు అందులో లేదు.

ఆ మొక్కకు హీబ్రూ మూలంలో ఉన్న పేరు ‘కీకాయోన్’. ఈ పదం హీబ్రూ బైబిలులో ఈ ఒక్క అధ్యాయంలోనే కనిపిస్తుంది. మరో ప్రయోగంతో పోల్చి అర్థం తేల్చుకొనే అవకాశం లేదు. క్రీస్తుకు పూర్వమే వెలువడిన సెప్టువజింటు, అంటే ‘డెబ్బదిమంది’ గ్రీకు అనువాదం, దీన్ని సొర అని చెప్పింది. దాన్ని అనుసరించిన ప్రాచీన లాటిను పాఠం కూడా సొర అనే చెప్పింది. జెరోము నేరుగా హీబ్రూ నుంచి చేసిన లాటిను అనువాదంలో ఇది ‘హెడెరా’, అంటే గోడలనూ చెట్లనూ అల్లుకొనే ఐవీ తీగ అయింది. ఇది ఆముదపు మొక్క అన్నది పలువురు ఆధునిక పండితుల అభిప్రాయం. పురాతన ఈజిప్టులో ఆముదానికి ఉన్న ‘కికి’ అన్న పేరు దీనికి దగ్గరగా ఉండటం ఒక ఆధారం.

3. ఓయియా సంఘంలో అలజడి

క్రీ.శ. 403లో అగస్టీను రాసిన లేఖ (ఆయన లేఖల సంపుటిలో 71వది) ఒక సంఘటనను వివరిస్తుంది. నేటి లిబియాలోని ట్రిపోలి అయిన ఓయియా పట్టణంలో ఒక బిషప్పు తన సంఘంలో జెరోము కొత్త అనువాదాన్ని చదివించాడు. యోనా గ్రంథంలో ఒకచోట తరతరాలుగా చెవులకూ జ్ఞాపకాలకూ అలవాటైన మాటకు బదులు మరో మాట వినిపించింది. సంఘంలో, ముఖ్యంగా గ్రీకువారిలో, పెద్ద అలజడి చెలరేగింది. బిషప్పు పట్టణంలోని యూదులను అడిగాడు. గ్రీకు, లాటిను ప్రతుల్లో ఉన్నదే హీబ్రూలోనూ ఉందని వారు చెప్పారు. సంఘం తనను విడిచిపోయే పరిస్థితి రావడంతో ఆ బిషప్పు జెరోము పాఠాన్ని తప్పుగా భావించి దిద్దక తప్పలేదు. దీన్నిబట్టి జెరోము కూడా కొన్నిచోట్ల పొరబడి ఉండవచ్చునని తమకు తోస్తున్నదని అగస్టీను ముగించాడు.

ఈ కథనంలో రెండు అంశాలు గమనార్హం. మొదటిది, వివాదానికి మూలమైన పదమేదో అగస్టీను చెప్పలేదు. పదం చెప్పకుండా తప్పు ఆరోపించడం న్యాయమైన విమర్శ కాదు. రెండవది, సంఘం ఆందోళనను ఆయన తేలికగా తీసుకోలేదు. జనం చదివి కాక విని వేదాన్ని తెలుసుకొన్న కాలమది. అలాంటి కాలంలో ఒక పదం మారితే మారింది పుటలోని అక్షరం కాదు, సమాజపు జ్ఞాపకం. నాటి క్రైస్తవ సమాధుల చిత్రాల్లో యోనా సొరపందిరి కింద పడుకొని కనిపిస్తాడు. జెరోముకు పాతమిత్రుడై తరువాత ప్రత్యర్థిగా మారిన రుఫీనసు దీన్నే ఎత్తిపొడుపుగా మలచాడు. యోనాకు నీడనిచ్చింది సొర కాదని ఇక పూర్వికుల సమాధుల మీద కూడా చెక్కించాలేమోనన్నది అతని వ్యంగ్యం.

4. జెరోము సమాధానం: తెలిసి ఎంచుకొన్న పొరపాటు

జెరోము 404లో జవాబిచ్చాడు (అగస్టీను సంపుటిలో 75వ లేఖ). పదమేదో చెప్పకపోవడం వల్ల తనకు సమర్థించుకొనే దారి లేకుండా పోయిందని ముందు ఆక్షేపించి, బహుశా పాత సొర గొడవే కావచ్చునని ఊహించాడు. యోనా గ్రంథంపై తన వ్యాఖ్యలో అప్పటికే ఆయన ఈ విషయం చర్చించాడు. హీబ్రూ పదం సూచించే మొక్కకు ద్రాక్షాకుల వంటి వెడల్పాటి ఆకులుంటాయి. అది త్వరగా పెరుగుతుంది. సొరకూ ఐవీకీ కావలసినట్టు కర్రల ఊతం దానికి అక్కరలేదు, తన కాండం మీద తానే నిలుస్తుంది. ఆముదపు చేలు చూసిన తెలుగు పాఠకులకు ఈ వర్ణన పరిచితంగానే తోస్తుంది.

ఆ మొక్క ఐవీ కాదని జెరోముకు తెలుసునన్నది ఈ సమాధానంలోని కీలకాంశం. మూలపదాన్ని ఉన్నదున్నట్టు రాస్తే ఎవరికీ అర్థం కాదు. సొర అని రాస్తే హీబ్రూలో లేనిది చెప్పినట్టవుతుంది. అందువల్ల అకులా మొదలైన పూర్వ అనువాదకుల దారిలో ఐవీ అని రాశానన్నది ఆయన వాదం. ఇది నిజాయితీ గల వివరణే. కాని అనువాదం వినేవారికి ఈ వివరణ అందదు. తెలియని మొక్క ఒకటి ఉందని పండితులకు తెలిసింది, ఐవీ అన్న నిశ్చయం మాత్రమే సంఘానికి అందింది. తన సందేహాన్ని వ్యాఖ్యలో దాచి, అనువాదంలో నిశ్చయాన్ని ప్రకటించడం ఆయన పద్ధతిలోని లోపం.

మూలంలో లేనిది రాయనని, అవసరం లేనిది చెప్పనని తన వ్యాఖ్యలకు మల్లినాథసూరి పెట్టుకొన్న నియమం తెలుగువారికి సుపరిచితం. జెరోము ఆ నియమంలోని మొదటి భాగాన్ని సొర విషయంలో కఠినంగా పాటించి, ఐవీ విషయంలో సడలించాడు. అయినా మూలభాషకు తిరిగి వెళ్ళాలన్న ఆయన పట్టుదల విలువ దీనివల్ల తగ్గదు. అలవాటైన అనువాదమే మూలమన్న భ్రమను ఛేదించడం కూడా ఒక వినయమే. అది గ్రంథం ముందు చూపే వినయం. మనుషుల ముందు మాత్రం జెరోముకు ఆ ఓర్పు తక్కువ. తనను విమర్శించినవారిని ‘సొరపక్షం’గా ఎగతాళి చేయడంలో అది బయటపడుతుంది.

5. అగస్టీను ప్రత్యుత్తరం: సంఘం కోసం నిలిపిన సొర

405లో అగస్టీను రాసిన 82వ లేఖ ఈ చర్చలో అత్యంత విలువైన పత్రం. అందులో ఆయన తన పఠననియమాన్ని వివరించాడు. ప్రామాణిక వేదగ్రంథాల్లో సత్యానికి విరుద్ధంగా ఏదైనా కనిపిస్తే మూడు కారణాలలో ఒకదాన్ని అనుమానిస్తాడు. ప్రతి తప్పుగా ఉండవచ్చు, అనువాదకుడు మూలాన్ని అందుకోలేకపోయి ఉండవచ్చు, లేదా తనకే అర్థం కాకపోయి ఉండవచ్చు. గ్రంథాన్ని తప్పుపట్టే ముందు తన అవగాహనను శంకించుకోవడం ఇందులోని మూడవ మెట్టు. ఇతర రచయితలెవరికీ, ఎంత పవిత్రులైనా, ఈ గౌరవం ఇవ్వనని కూడా ఆయన అన్నాడు. తన రచనలకూ అదే వర్తిస్తుందన్నది దానిలోని అంతరార్థం.

అయితే మొక్క ప్రస్తావన వచ్చేసరికి ఈ నియమం మరో దారి పట్టింది. హీబ్రూలో ఉన్నది సొరా కాక, ఐవీ కాక, తన కాండం మీద నిలిచే మరేదో మొక్క అయితే, లాటిను ప్రతులన్నిటిలో సొర అనే చదవడం తనకిష్టమని ఆయన రాశాడు. డెబ్బదిమంది కారణం లేకుండా ఆ పదం పెట్టి ఉండరని, అది ఆ మొక్కను పోలినదని వారికి తెలిసే ఉంటుందని ఆయన భావన. రెండు పదాలూ సరికానప్పుడు సంఘానికి అలవాటైనదాన్ని కదిలించడం ఎందుకన్న ప్రశ్నలో కాపరి బాధ్యత ఉంది. జెరోము తన వివరణతోనే ఐవీకి ఉన్న ఆధిక్యాన్ని తీసివేశాడన్న తర్కమూ ఉంది.

కాని ఇక్కడ అగస్టీను తన సూత్రాన్నే విస్మరించాడు. ‘క్రైస్తవ బోధ’ రెండవ పుస్తకంలో వేదపఠనానికి హీబ్రూ, గ్రీకు భాషాజ్ఞానం అవసరమని, చెట్లు, జంతువులు, రాళ్ళ స్వభావం తెలియకపోతే వాటితో చెప్పిన ఉపమానాలు తెలియవని ఆయనే రాశాడు. ఆ ప్రకారం ‘అదేమి మొక్క?’ అన్నది ఆయన అడగవలసిన తదుపరి ప్రశ్న. అది అడగకుండా పాతపదానికి మొగ్గడంతో సమాజం పట్ల చూపిన వినయం మూలం పట్ల ఉదాసీనతగా మారింది. చెట్టు లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షమని తెలుగు సామెత. ఈ వాదంలో ఆముదపు చెట్టుకు ఆపాటి గౌరవం కూడా దక్కలేదు.

6. పేతురు, పౌలు: దిద్దుబాటు అనే అంశం

ఈ లేఖల్లో మొక్క పేరుకంటే పెద్ద వివాదం మరొకటి ఉంది. అంతియొకయలో అన్యజనులతో సహపంక్తి భోజనం చేస్తూ వచ్చిన పేతురు, యెరూషలేము నుంచి కొందరు రాగానే వెనుదీశాడు. పౌలు అందరి ముందు అతన్ని నిలదీశాడు. గలతీయులకు రాసిన లేఖ రెండవ అధ్యాయంలోని ఈ ఘట్టాన్ని ఓరిజెను మార్గంలో జెరోము వ్యాఖ్యానిస్తూ, ఇద్దరు అపొస్తలుల మధ్య నిజమైన విభేదం లేదని, సంఘప్రయోజనం కోసం అలా కనిపించారని చెప్పాడు. వేదంలో ఒక్క ప్రయోజనకరమైన అబద్ధాన్ని అంగీకరించినా మిగిలిన గ్రంథమంతా సందేహానికి గురవుతుందని అగస్టీను వ్యతిరేకించాడు. ఆయన రాసిన ఒక లేఖ జెరోముకు చేరకముందే దాని ప్రతులు ఇటలీలో ప్రచారమయ్యాయి. జెరోము నొచ్చుకొన్నాడు. వృద్ధుణ్ణి రెచ్చగొట్టి పేరు పొందాలని చూడవద్దని హెచ్చరించాడు.

82వ లేఖలో అగస్టీను ఈ ఘట్టానికి చెప్పిన అర్థం చర్చనంతటినీ మరో స్థాయికి తీసుకువెళ్ళింది. ధైర్యంగా నిలదీసిన పౌలు కంటే, తరువాతివాడి దిద్దుబాటును వినయంతో స్వీకరించిన పేతురు చూపిన ఆదర్శం అరుదైనదని ఆయన అన్నాడు. దాన్ని తనకూ అన్వయించుకొన్నాడు. పదవీక్రమంలో బిషప్పు ప్రెస్బిటరు కంటే పైవాడైనా, పలు విషయాల్లో తాను జెరోముకంటే తక్కువవాడినని, తక్కువవారి నుంచి వచ్చినా దిద్దుబాటును తిరస్కరించరాదని రాశాడు.

ఉత్తరప్రత్యుత్తరాల్లోని వినయవాక్యాలను మాత్రమే చూసి తీర్పు చెప్పడం కష్టం. నాటి లేఖాసంప్రదాయంలో అలాంటి మాటలు మర్యాదగా కూడా వాడేవారు. ఆ మర్యాద చాటున వాడిములుకులు ఇద్దరూ విసురుకొన్నారు. అందువల్ల తరువాతి ఆచరణే ప్రమాణం కావాలి. 415లో పెలేజియసు అనుచరులకు వ్యతిరేకంగా రాసిన సంభాషణాగ్రంథంలో జెరోము పేతురు నిజంగానే తప్పుచేసి మందలింపు పొందాడన్న అర్థంలో ఆ ఘట్టాన్ని ఉదహరించాడు. దీన్ని అగస్టీను మరుసటి ఏడు ఒక లేఖలో గమనించి ప్రస్తావించాడు. అగస్టీను కూడా కదిలాడు. ‘దైవనగరం’ పద్దెనిమిదవ పుస్తకంలో యోనా నీనెవెకు ఇచ్చిన గడువు గ్రీకు పాఠం చెప్పిన మూడు రోజులా, హీబ్రూ చెప్పిన నలభై రోజులా అని చర్చించి, ప్రవక్త పలికినది నలభై రోజులనే ఒప్పుకొన్నాడు. డెబ్బదిమంది పాఠాన్నీ ఆత్మప్రేరితంగానే నిలుపుకొన్నాడు. 426లో పూర్తిచేసిన ‘క్రైస్తవ బోధ’ నాలుగవ పుస్తకంలో ఆమోసు ప్రవక్తను ఉదహరించేటప్పుడు జెరోము హీబ్రూ నుంచి చేసిన అనువాదాన్నే వాడుతున్నానని స్పష్టంగా చెప్పాడు.

ఈ చర్చలో ఇద్దరూ ఒకరి ముందొకరు ఓటమి ఒప్పుకోలేదు. అయినా ఒకరి నుంచి ఒకరు నేర్చుకొన్నారు. పదేళ్ళకు ఒకరు, ఇరవయ్యేళ్ళకు మరొకరు తమ వ్యాఖ్యానాన్ని సవరించుకొన్నారు. వినయం వాదనను విడిచిపెట్టడంలో లేదని, వాదన ముగిశాక కూడా ప్రత్యర్థి మాట తనలో పనిచేయడానికి చోటివ్వడంలో ఉందని ఈ పరిణామం నిరూపిస్తుంది.

7. సాక్షులుగా పిలిచి, నమ్మనివారు

ఈ చర్చలో ఒక వర్గానికి మాత్రం ఆ చోటు దక్కలేదు. ఓయియా యూదులను బిషప్పు సాక్ష్యం అడిగాడు. వారి జవాబును అగస్టీను అజ్ఞానమో దురుద్దేశమో అని అనుమానించాడు. వారికి హీబ్రూ రాదు, లేదా సొరపక్షంవారిని వెక్కిరించడానికి అబద్ధమాడారని జెరోము తేల్చాడు. వారిద్దరికీ విభేదాలెన్ని ఉన్నా ఈ ఒక్క విషయంలో ఏకాభిప్రాయం కుదిరింది. హీబ్రూ మాట్లాడని, గ్రీకు అనువాదంతోనే వేదం వింటూ వచ్చిన యూదసమాజాలు మధ్యధరా తీరంలో ఉండేవన్న సరళమైన వివరణ ఇద్దరికీ తోచలేదు.

జెరోము హీబ్రూ నేర్చుకొన్నది యూదు గురువుల వద్దనే. యూదసంప్రదాయంలో ఈ మొక్క గురించి జ్ఞానం లేకపోలేదు. బాబిలోను తల్మూదులోని షబ్బాతు ప్రకరణంలో, యోనా మొక్కను స్వయంగా చూశానని చెప్పిన ఒక పండితుని మాట నమోదైంది. అది తేమనేలల్లో పెరుగుతుందని, నీడకోసం అంగళ్ళ ముందు పెంచుతారని, దాని గింజల నుంచి నూనె తీస్తారని ఆయన వివరించాడు. ఆముదాన్ని గుర్తించడానికి ఇంతకంటే దగ్గరి ఆధారం అరుదు. గ్రంథం ముందు తలవంచిన వ్యాఖ్యాత, దాన్ని తనకు అందించినవారి ముందు తలవంచకపోతే ఆ వినయం అసంపూర్ణం. క్రైస్తవ వ్యాఖ్యాన చరిత్రలో ఈ అసంపూర్ణత తరువాతి శతాబ్దాల్లో ఎన్నో అన్యాయాలకు తోడ్పడింది కనుక దీన్ని చిన్నలోపంగా దాటివేయరాదు.

8. తెలుగు పాఠంలో సొరచెట్టు

బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా ప్రచురణగా విస్తృతంగా చదివే తెలుగు బైబిలులో ఈ మొక్క ‘సొరచెట్టు’. ఇంగ్లీషు కింగ్ జేమ్స్ అనువాదం (1611)లోనూ సొర జాతిని సూచించే మాటే ఉంది. ఓయియా సంఘం పట్టుబట్టిన పదమే తెలుగు సంఘాల్లోనూ వినిపిస్తున్నదన్న మాట. ఈ పదం తెలుగు వినేవారికి ఒక చక్కని దృశ్యాన్నిచ్చింది. ఇంటి ముంగిట పందిరి కట్టి సొరపాదు పాకించడం, దాని నీడన కూర్చోవడం ఇక్కడి జీవితంలో భాగం. ఐవీ తీగకు తెలుగులో వాడుకపేరు లేదు. జెరోము పదాన్ని అనుసరించి ఉంటే ఆ దృశ్యం దక్కేది కాదు.

అయితే సొరకు పందిరి కావాలి. దాన్ని చెట్టు అన్నా తానై నిలబడదు. ‘ఆముదపు చెట్టు’ అంటే జెరోము వర్ణనకూ, తెలుగు పొలానికీ రెంటికీ సరిపోతుంది. ఇలా చెప్పినంత మాత్రాన పాతపదాన్ని వెంటనే తొలగించాలని అర్థం కాదు. తరాలుగా కంఠస్థమైన గ్రాంథికచ్ఛాయ గల వాక్యాలతో తెలుగు క్రైస్తవుల ప్రార్థనాభాష రూపొందింది. పదం మార్చేవారు ఆ జ్ఞాపకాన్ని గౌరవించాలి. పదాన్ని కాపాడేవారు అది ఒక అనువాదకుని నిర్ణయమని గుర్తుంచుకోవాలి. అడుగున ఒక చిన్న వివరణ ఇస్తే ఈ రెండు బాధ్యతలూ కలిసి నెరవేరతాయి. తెలియనిదాన్ని తెలియనట్టు చెప్పే ఆ ఒక్క పంక్తి ఓయియాలో వినేవారికి అందలేదు.

9. ముగింపు

‘క్రైస్తవ బోధ’ మొదటి పుస్తకంలో అగస్టీను ఒక పోలిక చెప్పాడు. వేదానికి రచయిత ఉద్దేశించని అర్థం చెప్పినా, దానివల్ల దైవప్రేమ, మానవప్రేమ పెరిగితే, ఆ వ్యాఖ్యాత బాట తప్పి పొలానికి అడ్డంపడి వెళ్ళి గమ్యం చేరినవాడి వంటివాడు. అయినా అతనికి బాట చూపాలి, లేకపోతే దారి తప్పడం అలవాటై ఒకనాడు గమ్యమే తప్పుతుంది. ఈ పోలికలో వినయానికి రెండు ముఖాలున్నాయి. తప్పినవాడిని తృణీకరించకపోవడం ఒకటి, తప్పును తప్పుగా చెప్పడం రెండవది. జెరోము రెండవదానిలో, అగస్టీను మొదటిదానిలో నేర్పరులు. వ్యాఖ్యానానికి ఈ రెండూ కావాలి.

యోనా గ్రంథం దృష్టిలో ఈ చర్చకు మరో అర్థం ఏర్పడుతుంది. మొక్క మీద పెట్టుకొన్న మమకారం ఒక నగరాన్ని కనబడనీయకుండా చేసిందన్నదే ఆ గ్రంథం ప్రవక్తకు నేర్పిన పాఠం. సొర కోసం సంఘం చీలబోవడం, ఐవీ కోసం పండితుడు సంఘాన్ని చులకన చేయడం, ఇద్దరూ కలిసి పొరుగు యూదులను శంకించడం ఆ పాఠాన్ని చదువుతూనే మరచిన సందర్భాలు. మొక్క పేరు సరిగా తెలుసుకోవడం అవసరమే. ఆ పేరు తెలిసిన తరువాత కూడా గ్రంథం చివర ఉన్న ప్రశ్న వ్యాఖ్యాతను అడుగుతూనే ఉంటుంది.